ఆఫీసు మరక

మా ఆఫీసుకి స్కానరు వచ్చిన రోజున ముద్రగారు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ముందు నేర్చుకోవాలి, తరవాతే ముట్టుకోవాలి అన్నారు. ముద్రగారంటే మా సూపరింటెండెంటు. ఆ పేరు మేం పెట్టుకున్నదే, ఆయన చెవిన పడేంత దూరంలో ఎవరం అనం. కాగితం కనిపిస్తే చాలు, దాని మీద ఠప్పున రబ్బరు ముద్ర గుద్దందే ఆయనకి ఊపిరాడదు. ఓసారి నా సెలవు చీటీ మీద ముందూ వెనకా కలిపి నాలుగు ముద్రలు వేశారు. సెలవు మాత్రం ఇవ్వలేదు.

మా పనేమిటో ముందే చెప్పేస్తాను. ఉద్యోగాలకో పదోన్నతులకో దరఖాస్తు చేసుకున్నవాళ్ళు తమ చదువు పత్రాలూ అనుభవ పత్రాలూ పట్టుకుని మా కింది అంతస్తుకి వస్తారు. మేం వాటికి నకళ్ళు తీసి పై అంతస్తుకి పంపుతాం. అక్కడ ఒక పరిశీలనాధికారి ఉంటాడు. ఆయన నకలు చూసి ‘సరైనదే’ అని రాస్తే ఆ మనిషికి దారి తెరుచుకున్నట్టు, ‘అనుమానాస్పదం’ అని రాస్తే మూసుకున్నట్టు. కంప్యూటరు తెర మీద కనిపించే కాగితాన్ని కూడా ఆయన చేతి భూతద్దం పెట్టి చూస్తాడు. అందుకని ఆయన భూతద్దంగారు.

స్కానరుతో పాటు దాన్ని నేర్పడానికి ఒక శిక్షకుడు కూడా వచ్చాడు. మూడు రోజులు నేర్పాడు. ముద్రగారు మా అందరికీ తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి భాగాలన్నీ రాసుకోమన్నారు. పైన మూత. మూత లోపలివైపు కాగితాన్ని అదిమి ఉంచే తెల్లటి మెత్త. దాని కింద గాజుపలక. గాజుపలక కింద ఒక చిన్న బండి, ఆ బండి మీద దీపం, చిన్న అద్దాలు, లెన్సు, సెన్సరు. బండిని బెల్టు లాగుతుంది, బెల్టుని మోటారు తిప్పుతుంది. దీపం కాగితం మీద వెలుగు పారిస్తుంది, ఆ వెలుగు తిరిగొచ్చి అద్దాల మీద పడి లెన్సులో దూరి సెన్సరుని చేరుతుంది, సెన్సరు దాన్ని అంకెలుగా మార్చి కంప్యూటరుకి చెబుతుంది. మూడో రోజు పరీక్ష పెట్టారు. నాకు ఇరవైకి పద్ధెనిమిది వచ్చాయి. ముద్రగారు పరీక్ష రాయలేదు, ఎందుకంటే పేపర్లు దిద్దింది ఆయనే.

ఈ మూడు రోజుల్లోనూ ఆ యంత్రాన్ని ఎవరూ వెలిగించలేదు. నాలుగో రోజు శిక్షకుడు వెళ్ళిపోయాక వెలిగించాం. లోపలినుంచి పళ్ళు కొరుకుతున్నట్టు గరగర శబ్దం వచ్చింది, తెర మీద ఏమీ రాలేదు. కొత్త యంత్రం కదా, అలవాటు పడుతోందన్నారు ముద్రగారు. వారం రోజులు అది గరగరలాడుతూనే ఉంది. ‘యంత్రం కష్టపడి పనిచేయుచున్నది’ అని ఆయన పైకి నివేదిక కూడా పంపారు, ముద్ర వేసి.

చివరికి మా గదులు ఊడ్చే పిన్ని బల్ల తుడవడానికి స్కానరుని ఓ పక్కకి ఎత్తి, అడుగున చూసింది.

“ఇక్కడ పసుపుపచ్చ కాగితం మీద తాళం బొమ్మ వేసుందమ్మా. తాళం తియ్యకుండానే తిప్పుతున్నారా ఏంటి?” అంది.

ప్రయాణంలో లోపలి బండి కదిలి దెబ్బతినకుండా కంపెనీవాళ్ళు తాళం వేసి పంపుతారట. వాడే ముందు తీయాలి. పిన్ని కొంగుముడిలోంచి నాణెం తీసి ఆ బొమ్మ పక్కనున్న తాళం మరని అరచుట్టు తిప్పింది. స్కానరు పిల్లిలా మెత్తగా నడిచింది. ఆ సాయంత్రం రిజిస్టరులో ‘సూపరింటెండెంటు పర్యవేక్షణలో సాంకేతిక లోపము సవరించబడినది’ అని ఎక్కింది. పిన్ని పేరు ఎక్కడా లేదు. పిన్ని అడగనూ లేదు, ఆవిడకి ఊడవాల్సిన గదులు ఇంకా ఆరున్నాయి.

తరవాత ఇంకో రెండు రోజులు కాగితాల వెనకవైపులకి నకళ్ళు తీశాం. పత్రాన్ని బోర్లా పెట్టాలని పుస్తకంలో ఉంది. కానీ పెద్దల సంతకాలున్న పత్రాన్ని బోర్లా పడుకోబెట్టడం మర్యాద కాదని ముద్రగారు వెల్లకిలా పెట్టించారు. తెల్లటి వెనకవైపులు తెర మీదకి వస్తే, ‘ఎంత శుభ్రంగా వస్తున్నాయో చూశారా’ అని మురిసిపోయారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడిని చూశాను గానీ, మూడు కాళ్ళ కుందేలుని నలుగురిచేత మెప్పించినవాణ్ణి ఈయననే చూశాను.

నిజానికి అదంత బ్రహ్మవిద్యేం కాదు. మూత ఎత్తాలి. గాజుపలక మూలన బాణం గుర్తు ఉంటుంది, కాగితాన్ని బోర్లా పెట్టి దాని మూలని ఆ బాణానికి ఆనించాలి. మూత వేయాలి. ముందుగా ఓసారి ప్రివ్యూ చూసుకుని, వంకర లేదనుకుంటే స్కాన్ నొక్కాలి. వెలుగు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళి వెనక్కి వస్తుంది. నిమిషం పట్టదు. ఇంకో పని కూడా ఉంది, పుస్తకంలో పెద్దక్షరాలతో రాసిన పని: గాజుపలకని రోజూ మెత్తటి గుడ్డతో తుడవాలి. రెండు నెలలు నేనూ పిన్నీ ఇలాగే చేశాం. నకళ్ళు కడిగిన ముత్యాల్లా వచ్చాయి. ఆ రెండు నెలలూ మా ఆఫీసు బుద్ధిగా పనిచేసిందని నేను సాక్ష్యం చెప్పగలను.

ఆ తరవాత ఒక రోజు భోజనాల వేళ ఎవరో దరఖాస్తు పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు. ముద్రగారు ముద్ర వేయడానికి చదునైన చోటు వెతికారు. బల్ల నిండా ఫైళ్ళు. స్కానరు మూత తెరిచి ఉంది. గాజుపలకని మించిన చదును ఎక్కడుంటుంది? కాగితం అక్కడే పరిచి ఠప్పున గుద్దారు. ముద్ర సగం కాగితం మీద పడింది, సగం గాజు మీద పడింది. ఆయన చేతిరుమాలుతో గాజుని తుడిచారు గానీ ఒక చుక్క మిగిలిపోయింది. చింతగింజ అంత, ఊదారంగులో, ఒక పక్కకి కాస్త తోక సాగి. నేను చూశాను. రేపు పొద్దున పిన్ని తుడుస్తుందిలే అనుకున్నాను. మర్నాడు పిన్నికి జ్వరం.

ఆ మర్నాటికి భూతద్దంగారి నుంచి ఫోను వచ్చింది. ముద్రగారు లేచి నిలబడి మాట్లాడారు. పైవాడు ఫోనులో ఉన్నా ఆయన నిలబడే మాట్లాడతారు.

“నిన్నటినుంచి వస్తున్న నకళ్ళన్నిటి మీదా ఒకే చోట ఒక ఊదా గుర్తు ఉంటోంది. ఏంటిది?” అని అటునుంచి వినిపించింది.

ముద్రగారు నా వైపు చూశారు. నేను గాజుపలక వైపు చూశాను. ఆయనకి అర్థమైంది. సిరా మరక సార్, తుడిపించేస్తాను అంటే ఒక్క మాటతో పోయేది. కానీ మా ఆఫీసులో తప్పు ఒప్పుకున్న మనిషి ఇంతవరకు పుట్టలేదు.

“అది మన గుర్తు సార్,” అన్నారు.

“ఏం గుర్తు?”

“భద్రత గుర్తు సార్. నకలు మన దగ్గరే తీశారని తెలియడానికి పెట్టాం. ఎవరైనా బయట తీసుకొస్తే పట్టుకోవచ్చు సార్.”

అటునుంచి భూతద్దం బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. తరవాత భూతద్దంగారు, “మంచి ఆలోచన. ముందే చెప్పాల్సింది కదా,” అన్నారు.

అంతే. వారం తిరిగేసరికి సర్క్యులరు వచ్చింది. మా కార్యాలయం నుంచి వచ్చే ప్రతి నకలు మీదా ఊదా గుర్తు ఉండి తీరాలి. పై అంచు నుంచి ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు, కుడి అంచు నుంచి ఇరవై ఆరు. గుర్తు లేని నకళ్ళని అనుమానాస్పదంగా పరిగణించాలి. ఇంకా పైనున్నవాళ్ళు భూతద్దంగారికి ఒక ప్రశంసాపత్రం పంపారు, భూతద్దంగారు ముద్రగారికి ఒకటి పంపారు. ముద్రగారు దాన్ని ఫ్రేము కట్టించి స్కానరు పైన గోడకి తగిలించారు. ‘గాజుపలక తుడవరాదు’ అని దాని పక్కనే ఇంకో బోర్డు. జ్వరం తగ్గి గుడ్డ పట్టుకుని వచ్చిన పిన్నిని గుమ్మంలోనే ఆపేశారు. ఆవిడ బతిమాలగా బతిమాలగా మరక వదిలేసి దాని చుట్టూ తుడవడానికి అనుమతి దొరికింది. నిద్రపోతున్న పసిపిల్ల చుట్టూ చీపురు తిప్పినట్టు తుడిచేది పాపం.

నేను ఇదంతా చూస్తూ లోలోపల నవ్వుకుంటూ కూర్చున్నాను. ఇంటికొచ్చి చెల్లికీ మరిదిగారికీ నటించి చూపించేదాన్ని. మా ఇద్దరి ఇళ్ళూ ఒకే మేడలో, పైదీ కిందదీ. రాత్రి భోజనాలప్పుడు నా ఆఫీసు కథలే వాళ్ళకి కాలక్షేపం. పిల్లి మెడలో గంట కట్టే పని నాకెందుకు, జీతం తీసుకుంటున్నానా, ఇంటికి పోతున్నానా, అంతే కదా అనుకున్నాను.

సర్క్యులరు వచ్చిన కొత్తలోనే ఆ బస్సు డ్రైవరు వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని నడుస్తున్నాడు. ఇరవై ఏడేళ్ళు బస్సు తోలి నడుము పోయిందట. డిపోలో కొత్తవాళ్ళకి డ్రైవింగు నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ పడితే దరఖాస్తు పెట్టాడు. అది వస్తే రోజుకి పది గంటలు స్టీరింగు ముందు కూర్చోవాల్సిన అవసరం ఉండదు. మా శుభ్రమైన రెండు నెలల్లో, అందరికంటే ముందుగా వచ్చి నకలు తీయించుకుని, పైనుంచి మాట కోసం ఎదురుచూస్తున్న బుద్ధిమంతుల్లో ఆయన ఒకడు. అందుకే ఆయన నకలు మీద మరక లేదు. అందుకే అది అనుమానాస్పదమైంది.

నేను ఆయనకి నకలు చూపించి, గుర్తు లేదు కాబట్టి తిప్పి పంపారని చెప్పాను. ఆయన పక్కనున్న ఇంకో నకలు చూశాడు, తరవాత తెరిచి ఉన్న గాజుపలక చూశాడు.

“అమ్మా, అది మరక కదా,” అన్నాడు. “మా బస్సు అద్దం మీద కూడా పడుతుంటాయి. తుడిస్తే పోతుంది.”

“ఇది ఆఫీసు మరకండి. తుడిస్తే పోదు,” అన్నాను.

వెనక వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు నా మాట ఎంత నచ్చిందో చెప్పలేను. ఆయన కూడా కొంచెం నవ్వి, “పోనీ ఇంకోసారి తీసిపెట్టండి, పత్రం తెచ్చాను,” అన్నాడు. నిమిషం పట్టని పని. కానీ రెండోసారి తీయాలంటే కొత్త దరఖాస్తు, కొత్త వరస, నలభై రోజులు. ఆయన గడువుకి ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ముద్రగారు నా వైపే చూస్తున్నారు. “మీ వరస వచ్చినప్పుడు రండి,” అని చెప్పి, ఆయన నకలు మీద నా చేత్తోనే ‘అనుమానాస్పదం, గుర్తు లేదు’ అని రాసి సొరుగులో పడేశాను. ఆయన మళ్ళీ రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఈ మాట చెప్తే చెల్లి అన్నం పళ్ళెం ముందు కడుపు పట్టుకుని నవ్వింది. ‘ఆఫీసు మరక’ అన్న మాట మా ఇంట్లో నిలబడిపోయింది. మరిదిగారి చొక్కా మీద టీ ఒలికితే ఆఫీసు మరక. గోడ మీద పిల్లల చేతివేళ్ళు పడితే ఆఫీసు మరక.

తనదాకా వస్తే గానీ తత్వం తెలియదంటారు. నాదాకా రావడానికి ఆరు నెలలు పట్టింది.

మా చెల్లి ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగమే. ప్రతి ఏడాది చివర్లో వచ్చే ఏడాది ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇన్నాళ్ళకి ఒక పక్కా పోస్టు వచ్చింది, జాబితాలో మొదటి పేరు తనదే. చదువు పత్రానికి పై అంతస్తువాళ్ళు ‘సరైనదే’ అని రాస్తే చాలు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

“వడ్డించేది మన అక్క అయితే కడబంతిలో కూర్చున్నా ఒకటే,” అని ధీమాగా వచ్చింది.

నేనూ ధీమాగానే తీశాను. గురువారం పొద్దున నకలు పైకి వెళ్ళింది, మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ‘పత్రం సంఖ్య చదవడానికి వీలుగా లేదు.’ చూస్తే చింతగింజ సరిగ్గా సంఖ్యలో చివరి రెండు అంకెల మీద కూర్చుంది. చాలామంది పత్రాల్లో ఆ చోట ఖాళీ ఉంటుంది, కొందరి వాటిలో అంచు తాలూకు తీగ ఉంటుంది. చెల్లి చదివిన సంస్థవాళ్ళు మాత్రం సంఖ్యని అక్కడే అచ్చు వేయించారు.

కొత్త దరఖాస్తూ కొత్త వరసా లేకుండానే, కాగితాన్ని బాణం నుంచి కొంచెం జరిపి మళ్ళీ తీశాను. సంఖ్య బయటపడింది. గంటలో తిరిగొచ్చింది: ‘గుర్తు నిర్ణీత స్థానంలో లేదు, పద్నాలుగు మిల్లీమీటర్ల తేడా.’ తలకిందులుగా పెట్టి తీసి, కంప్యూటరులో మళ్ళీ తిన్నగా తిప్పి పంపాను. గుర్తు కింది మూలకి పోయింది. ఈసారి ‘గుర్తుని మార్చే ప్రయత్నం’ అని ఎర్ర సిరాతో రాసి పంపారు. మరక ఉంటే సంఖ్య కనబడదు, సంఖ్య కనబడితే మరక సరిపడదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

అసలు పత్రమే పట్టుకెళ్ళి చూపిద్దామని ఇద్దరం పైకి వెళ్ళాం. భూతద్దంగారు పత్రాన్ని వెలుతురుకి పట్టారు, బల్ల మీద పరిచారు, భూతద్దం పెట్టి నాలుగు మూలలూ చూశారు.

“ఇందులో గుర్తు లేదే,” అన్నారు.

“ఇది అసలు పత్రం సార్,” అన్నాను. “గుర్తు నకళ్ళకి కదా ఉంటుంది.”

“నకలుకే ఉన్న గుర్తు అసలుకి లేకపోతే ఏది నమ్మమంటారు?” అన్నారాయన. ఈ ప్రశ్నకి జవాబు తోచేవాడు ఆ కుర్చీలో కూర్చోడు.

చెల్లి మెట్లు దిగి, పత్రం పట్టుకుని వెళ్ళిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి సెలవు పెట్టి వచ్చి మా గదిలో నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా మీద కోపంతోనో, రాత్రంతా నిద్ర లేకో, నేనడగలేదు. ముద్రగారు టీకి వెళ్ళారు. చెల్లి స్కానరు మూత ఎత్తి మరక వైపు వంగి చూసింది.

“ఇది దేంతో పడింది?”

“ముద్ర సిరా.”

“స్పిరిటుతో పోతుంది,” అని తన సంచిలోంచి దూదీ చిన్న సీసా తీసింది. ఆసుపత్రి సంచి కదా, అవి ఎప్పుడూ ఉంటాయి.

“పోతుందని తెలుసు.”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“పడ్డ రోజునుంచీ.”

చెల్లి నా ముఖంలోకి చూసి, దూది నా చేతిలో పెట్టింది. గోడ మీద ‘తుడవరాదు’ అన్న బోర్డు నా నెత్తి మీదే ఉంది. ఉద్యోగం పోతుందేమో అనిపించింది, భయపడలేదని అబద్ధం చెప్పను. మూడు రుద్దులకి పోయింది. గాజు మీద ఏమీ లేదు. ఏడు నెలల భద్రత దూది మీద ఊదారంగు మచ్చగా మిగిలింది. చెల్లి పత్రాన్ని బాణానికి ఆనించి పెట్టి మూత వేశాను. నకలు ముత్యంలా వచ్చింది, సంఖ్యలో అంకెలన్నీ కనిపించాయి. కానీ దాన్ని పైకి పంపితే గుర్తు లేదంటారు.

సరిగ్గా అప్పుడే ముద్రగారు వచ్చారు. తెర చూశారు, గాజు చూశారు, దూది చూశారు.

“ఎంత పని చేశావమ్మా,” అన్నారు. అరవలేదు. ఆయన గొంతులో అరుపుకి కూడా బలం లేదు. నేరుగా పైకి ఫోను చేసి, ‘మా సిబ్బందిలో ఒకరు గుర్తుని చెరిపేశారు సార్’ అని చెప్పారు, నిలబడే.

భూతద్దంగారు తన ఉద్యోగంలో మొదటిసారి కింది అంతస్తుకి దిగివచ్చారు. స్కానరు దగ్గర వంగి గాజుపలక మీద భూతద్దం పెట్టారు. ఒక చివరినుంచి ఇంకో చివరిదాకా చూశారు. గోడ గడియారంలో నాలుగుంపావు.

“సార్, అది ముద్ర సిరా,” అన్నాను. “ఏడు నెలల కిందట ఈ గాజు మీద కాగితం పెట్టి ముద్ర వేస్తే పడింది. కావాలంటే ఈ దూది చూడండి.”

భూతద్దంగారు దూది చూడలేదు. ముద్రగారిని చూశారు.

“ఇది సిరానా?”

ముద్రగారు గోడ మీది ప్రశంసాపత్రం వైపు చూశారు. భూతద్దంగారు కూడా అటే చూశారు. అలాంటిదే ఇంకొంచెం పెద్దది ఆయన గదిలోనూ ఉంది. మరక సిరా అయితే ఆ రెండు ఫ్రేములూ ఏమవుతాయో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఆ క్షణంలో వాళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళలా కనిపించారు.

“అంటే, గుర్తుని మార్చారన్నమాట,” అన్నారు భూతద్దంగారు, ఒక్కో మాటా తూచి.

ముద్రగారికి ప్రాణం లేచివచ్చింది. “అవును సార్. భద్రత గుర్తు కదా సార్, ఎప్పటికప్పుడు మారుస్తుండాలి. ఒకటే ఉంచితే దొంగలు పట్టేస్తారు.”

“మరి కొత్త గుర్తు ఏది?”

ముద్రగారు గాజుపలక వైపు చూశారు. అందులో ఆయన ముఖం తప్ప ఇంకేమీ లేదు.

“ఇదే సార్.”

“ఏదీ?”

“ఏమీ లేకపోవడమే సార్ గుర్తు.”

భూతద్దంగారు నిటారుగా నిలబడి భూతద్దాన్ని జేబులో పెట్టుకున్నారు. “దీన్ని ఎవరూ కనిపెట్టలేరు,” అన్నారు చివరికి, మెచ్చుకోలుగా. “పాత గుర్తు ఉన్న నకళ్ళన్నీ?”

“ఇవాళ్టినుంచి అనుమానాస్పదం సార్.”

నాలుగున్నరకి సర్క్యులరు టైపయింది. నాలుగూ నలభైకి దాని మీద ముద్ర పడింది, ఈసారి బల్ల మీద పెట్టి వేశారు. అయిదుకి పది నిమిషాలుందనగా చెల్లి నకలు మీద ‘సరైనదే’ అని పడింది. మరక ఉన్న పదకొండు వేల మంది మళ్ళీ రావాలి. ఆ పదకొండు వేలల్లో ముద్రగారి పదోన్నతి ఫైలు కూడా ఉంది గానీ, ఆ సంగతి ఆయనకి సోమవారం దాకా తోచలేదు. నాకు మెమో కూడా రాలేదు. మెమో ఇవ్వాలంటే నేనేం చేశానో రాయాలి, అది రాస్తే మరక సిరా అవుతుంది.

కారిడార్లో చెల్లిని కావలించుకున్నాను. తొమ్మిదేళ్ళ బెంగ తీరిందని ఏడ్చేశాను కూడా. తను ఏడవలేదు.

“అక్కా, గుర్తు లేకపోవడమే గుర్తయితే, ఆ బస్సాయన నకలు ఇవాళ సరైనదే కదా?”

“సరైనదే.”

“అప్పుడూ సరైనదే.”

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

“నేను రోజూ ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఆయనదే,” అంది. “ఒకసారి ముందు సీటులో వాళ్ళకి చెప్తుంటే విన్నాను. ఆఫీసు మరక, తుడిస్తే పోదు అందట ఒకావిడ. ఆ మాట వినగానే నువ్వేనని తెలిసింది. మన ఇంట్లో నేనూ నవ్వాను కదా, అందుకే నిన్నేమీ అనలేకపోయాను. నడుము వెనక దిండు పెట్టుకుని తోలుతున్నాడు.”

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ముద్రగారికో పిడికెడు, భూతద్దంగారికో పిడికెడు. నా వంతు ఎంతో లెక్క చూసుకోవడానికి మళ్ళీ గదిలోకి వెళ్ళి సొరుగు తెరిచాను. ఆయన నకలు అడుగున ఉంది. ముత్యంలా ఉంది. దాని మీద ‘అనుమానాస్పదం’ అన్న అక్షరాలు నావే, గుండ్రంగా, ఇరవైకి పద్ధెనిమిది తెచ్చుకున్న అమ్మాయి రాత. ముద్రగారు ఏ కళనున్నారో గానీ అడగ్గానే ‘సరైనదే’ వేయించి ఇచ్చారు. ఆయనకిప్పుడు ఆ మాట ఎన్నిసార్లు వేయించినా తేలికే.

మర్నాడు పొద్దున చెల్లితో పాటు బస్టాండుకి వెళ్ళాను. ఆయన బస్సు బయల్దేరలేదింకా. కింద నిలబడి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని, ఇంకో చేత్తో ముందద్దం తుడుస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను కాగితం ఇచ్చాను. ఆయన గుడ్డ భుజాన వేసుకుని, రెండు చేతులతో పట్టుకుని చదివాడు.

“ఇప్పుడు సరైనదే అంటారా,” అన్నాడు.

“అవునండి.”

“ఆ ఉద్యోగంలో ఇంకో ఆయన చేరి అయిదు నెలలైందమ్మా.”

“తెలియదండి,” అన్నాను. తెలియకపోవడం ఏముంది, అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెల్లగా మెట్లెక్కి సీటులో కూర్చుని, దిండు సరిచేసుకున్నాడు. మేం వెనకే ఎక్కాం. ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు.

“మరక తుడిచారా చివరికి?”

“తుడిచానండి.”

“పోయిందా?”

“పోయిందండి.”

“ఎన్నిసార్లు రుద్దాల్సి వచ్చింది?”

“మూడు,” అన్నాను.

ఆయన ఇంజను స్టార్టు చేశాడు. ముందు సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. నేను చివరి సీటు దాకా వెళ్ళి కూర్చున్నాను.